మడ్‌గార్డు మీద కోడలు

మొన్న మా తమ్ముడు కొత్త ట్రాక్టరు కొంటానంటే వాడితో పాటు విజయనగరంలో షోరూముకు వెళ్ళాను. వాడికి నా తోడు అక్కర్లేదు, నాకే చూడాలనిపించింది. మెడలో కార్డు వేలాడేసుకున్న ఒక కుర్రాడు, సీటు ఎంత మెత్తగా ఉందో, ఫోను పెట్టుకోడానికి చోటెక్కడుందో, దీపాలు ఎంత దూరం పడతాయో వరసపెట్టి చెప్పుకుపోతున్నాడు. సీటుకి కుడిపక్క, కిందగా, మడమకి అందేలా ఉన్న చిన్న పెడలు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. "అది డిఫరెన్షియల్ లాకు కదూ బాబూ? ఒకసారి తొక్కి చూడొచ్చా?" అన్నాను. ఆ అబ్బాయి నా తెల్లజుట్టు వంకా చేతిసంచీ వంకా చూసి, "మీరు ఇంజనీరింగు కాలేజీలో చేసేవారామ్మా?" అన్నాడు. "లేదు నాయనా, పద్మపూర్‌లో కోడలిగా చేశాను" అన్నాను. మా తమ్ముడు పగలబడి నవ్వేడు. కుర్రాడికి ఏమీ బోధపడలేదు. ఇంటికొచ్చిన తర్వాత కూడా రెండు మూడు రోజులు నా కుడికాలికి ఆ పెడలే తగులుతున్నట్టుంది. అందుకని ఇది రాయడానికి కూర్చున్నాను.

నన్ను పద్మపూర్ ఇచ్చేటప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. అప్పటికి ఒరిస్సాలో రాయగడ వేరే జిల్లా కాలేదు, అంతా కోరాపుట్టే. మా ఆయన రాయగడ రైల్వేలో సిగ్నల్ ఫిట్టరు. క్వార్టరు ఇంకా ఇవ్వలేదు, తోటివాళ్ళతో కలిసి ఒక గదిలో ఉండేవారు. పదిహేను రోజులకోసారి గుణుపూర్ మీదుగా బస్సు పట్టుకుని వచ్చి, ఒక పూట ఉండి వెళ్ళిపోయేవారు. అంచేత నా కాపురం అంటే అత్తతోనూ మావయ్యతోనూ, వాకిట్లో నిలబడి ఉండే ఒక ఎర్ర ట్రాక్టరుతోనూ. తెల్లారేసరికి అత్త చోడి అంబలి, అదే రాగి అంబలి, కాచి దింపేది. ఆ అంబలి పులుపు వాసన, పెరట్లో ఎండేసిన ఇప్పపువ్వు మత్తు వాసన, మావయ్య తువ్వాలులో డీజిలు వాసన, ఈ మూడూ కలిసిందే ఆ ఇంటి వాసన. అత్త అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పొయ్యి ముందు కూర్చుని, ఆ నోటితోనే నాకు పనులు పురమాయించేది. మాట ఒక్కటి కూడా తడబడేది కాదు. మావయ్య మొహం కడుక్కోగానే అంబలి ముట్టుకునేవారు కాదు. ముందు ట్రాక్టరు దగ్గరికెళ్ళి, ఇంజను ఆయిలు కొలిచే పుల్ల పైకి లాగి, దాని కొసని రెండు వేళ్ళ మధ్య రాసి వాసన చూసేవారు. బియ్యం పట్టుకు చూసే షావుకారి ముఖం ఎలా ఉంటుందో ఆ వేళప్పుడు ఆయన ముఖం అలా ఉండేది.

ఆ ట్రాక్టరు ఆయన స్వంత చేతుల మీద బతికిన బండి. ఎక్కడో ఒక పాత ఫారంలో తుప్పు పట్టి, ఇనుముగా పోవాల్సిన దాన్ని తెచ్చి, ఏడాది పాటు ఒక్కొక్క ముక్కా విప్పి, కడిగి, అతికించి నడిపించేరు. ఆ పనిలోనే ఒకరోజు జాకీ జారి ఇరుసు ఆయన కుడి మోకాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ మోకాలు ఇంక మడవలేదు. కర్రలా తిన్నగా ఉండిపోయింది. బ్రేకు ముందువైపు ఉంటుంది కాబట్టి, తుంటి బలంతో కాలు మొత్తం ముందుకు తోసి తొక్కేవారు. క్లచ్చి ఎడం కాలితో కాబట్టి ఇబ్బంది లేదు. చిక్కల్లా డిఫరెన్షియల్ లాకుతోనే. అది సీటు కింద వెనగ్గా ఉంటుంది, మోకాలు మడిచి మడమ వెనక్కి తెస్తేగానీ అందదు. అందుకని ఆయన చేతికందేలా ఒక తుమ్మకర్ర పెట్టుకుని, దాంతో పొడిచి నొక్కేవారు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి కర్ర మీద. అది చూసినప్పుడల్లా బండి ఏ గట్టుకి పోతుందోననిపించేది నాకు.

చూసినప్పుడల్లా అన్నాను గానీ, నేను చూసేది తలుపు చాటునుంచే. మా వైపు కోడలు మావ ఎదుట కూర్చోదు, పేరు పెట్టదు, అవసరమైతే తప్ప మాట్లాడదు. ఆయన నడిచే దారిలో కాలు చాపుకోవడమే తప్పు. పెళ్ళయిన ఆరు నెలల దాకా ఆయనతో నేను ఆడిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ చాటు తప్పించింది కూడా ట్రాక్టరే. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయన వెనక గేరుపెట్టె మూత విప్పి వాకిట్లో పెట్టుకున్నారు. నేను తలుపు పక్కన చేటలో చోళ్ళు చెరుగుతున్నాను. లోపల బంగారు రంగు నూనెలో మునిగిన పళ్ళచక్రాలు కనబడుతున్నాయి. చెరగడం ఆగిపోయిన చప్పుడు ఆయనకి తెలిసినట్టుంది.

"కళ్ళంలో నూర్పుడు సూసేవా అమ్మీ?" అన్నారు, నా వంక తిరక్కుండానే. "లోపలి ఎద్దు ఉన్నకాడే తిరుగుతాది. బయిటి ఎద్దు సాల దూరం నడవాల. రెండింటి అడుగూ ఒకటే అయిపోతే కళ్ళం తిరగదు గదా. బండి మలుపు తిరిగినప్పుడు ఎనక సక్రాలు రెండూ అంతే. దేని నడక దానిదే. ఆ నడక పంచీది ఇదిగో, ఈ పళ్ళు."

నాకు తెలియకుండానే నోరు జారింది. "మరి ఒక ఎద్దు బురదలో పడిపోతేనో?"

ఆయన అప్పుడు తిరిగి చూశారు. ఆ ముఖంలో కోపం లేదు. పండక్కి కొత్తబట్టలు చూసిన పిల్లాడిలా ఉంది. "అదీ అడగాల్సిన మాట! బురదలో పడ్డ సక్రానికి అడ్డేటి లేదు. ఊరికే గిర్రున తిరిగేస్తాది. ఈ పళ్ళకి బుద్ధి లేదమ్మీ, సులువైన పక్కకే పోతాయి. గట్టినేల మీదున్న సక్రం కదలకుండా కూకుంటాది. ఇంజను బలమంతా బురద పాలు." ఆయన రెండు చేతుల వేళ్ళూ ఒకదానిలో ఒకటి జొనిపి బిగించి చూపించారు. "అప్పుడు ఆ పెడలు తొక్కితే, ఇదిగో ఈ పళ్ళ గిన్నె పక్కకి జరిగి, ఆ గిన్నె పళ్ళలోకి ఇలగ దిగుతాది. రెండు ఇరుసులూ ఒకటైపోతాయి. బురదలోది తిరిగితే గట్టిదీ తిరగాల్సిందే. అదే లాకు."

ఆ తర్వాత ఇంకో మూడు సంగతులు చెప్పేరు, చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు. చక్రం తిరుగుతున్నప్పుడు తొక్కితే పళ్ళు రాలిపోతాయి, ముందు ఆపాలి. లాకు పడ్డాక తిన్నగా పోవాలి, మలుపు తిప్పితే చక్రమైనా జారాలి, ఇరుసైనా విరగాలి. గట్టినేల రాగానే ఒదిలెయ్యాలి, స్ప్రింగు ఆ గిన్నెని వెనక్కి లాగేసుకుంటుంది. నేను ముందుకి వచ్చి వేలు ముంచి ఆ పళ్ళు తడిమి చూశాను. మొద్దుగా, నున్నగా, గోరువెచ్చగా ఉన్నాయి. అత్త వంటింట్లోంచి వచ్చి నా మోచేతి దాకా కారుతున్న నూనె చూసి, "ఓలమ్మో! కోడలి గుంటకి ఇదేటి సదువు!" అని నెత్తి కొట్టుకుంది. మావయ్య మూత పెట్టేసుకున్నారు. నేను చేట పట్టుకుని లోపలికి పోయాను.

ఇక ఆ శ్రావణం సంగతి. ఊరికి అవతల గెడ్డ, అదే కొండవాగు, దాటితే మాకు కొంత పల్లం ఉండేది. వరి ఉబాలకి పద్నాలుగు మంది ఆడకూలీలు వచ్చేరు, ఎక్కువమంది కొండవార సవర ఆడవాళ్ళు, ఇద్దరికి చంటిపిల్లలు. అన్నం వండి పెట్టడానికి అత్తా నేనూ వెళ్ళాం. నాట్లు పూర్తయి, సాయంత్రం పొద్దుండగానే అందరం ట్రాలీ ఎక్కి తిరిగి వస్తున్నాం. మాకు వాన లేదు. పైన కొండల మీద మాత్రం నల్లగా ఉంది. పొద్దున మేము దాటినప్పుడు గెడ్డలో నీళ్ళు పాదం మునిగేటంతే. అప్పుడూ అంతే ఉన్నాయి. నడిమధ్యకి వచ్చేసరికి కుడి వెనక చక్రం ఇసకలో గొయ్యిలోకి దిగిపోయింది. ఎడమది ఒక బండరాయి మీద గట్టిగా ఉంది. మావయ్య ఇంజను పెంచేరు. కుడి చక్రం గిర్రున తిరిగి ఇసకా నీళ్ళూ మా మొహాల మీదకి చిమ్మింది. ఎడమ చక్రం చెక్కిన బొమ్మలా కదల్లేదు. ఎద్దు, కళ్ళం అంతా నా కళ్ళ ముందు కనబడింది.

అంతలో లకిమి అనే సవరావిడ ట్రాలీలో లేచి నిలబడి పై వైపుకి చెయ్యి చూపించింది. "పాణి! పాణి ఆసుచి!" అంది ఒరియాలో, నీళ్ళొస్తున్నాయని. నీళ్ళ రంగు మారిపోయింది. ఎర్రగా, పుల్లలూ ఆకులూ మోసుకుని వస్తున్నాయి. చూస్తుండగానే ట్రాలీ చక్రాల సగానికి లేచేయి. ఒకావిడ గబుక్కున దిగింది. దిగిన వెంటనే ప్రవాహం ఆవిడ కాళ్ళు లాగేస్తే, మిగతావాళ్ళు జుట్టూ చీరా పట్టుకుని పైకి గుంజేరు. ఇంక దిగడానికి ఎవరూ సాహసించలేదు. చంటిపిల్లలు ఏడుపు మొదలెట్టేరు. మావయ్య తుమ్మకర్ర తీసి పెడలు మీద పెట్టి, బలమంతా వేసి నొక్కేరు. తడిసిన పెడలు మీద కర్ర జారి, ఇరుసుకీ పెడలుకీ మధ్య ఇరుక్కుని, ఫట్‌మని విరిగిపోయింది. ఆయన చేతిలో జానెడు ముక్క మిగిలింది.

ఆయన వెనక్కి తిరిగి ట్రాలీ అంతా చూశారు. పద్నాలుగు మందినీ దాటి నా మీద ఆగారు. "అమ్మీ, బేగి రా."

ట్రాలీ ముందు పలక మీంచి దాటి, కొక్కెం మీద కాలు పెట్టి, కుడి మడ్‌గార్డు మీదకి ఎక్కేను. ఎక్కేసేను గానీ, కిందికి చూస్తే నా కాళ్ళు కదల్లేదు. పెడలు ఆయన కుడికాలి వెనక ఉంది. దాన్ని తొక్కాలంటే నా కాలు ఆయన పిక్కకి ఆనించి, రాసుకుంటూ దింపాలి. పుట్టి బుద్ధెరిగాక పెద్దవాళ్ళకి కాలు తగిలితే వేలు కళ్ళకద్దుకోకుండా ఊరుకున్న దాన్ని కాదు. అలాంటిది మావ ఒంటికి కాలానించడం! ఇప్పటివాళ్ళకి ఇది నవ్వులాటగా ఉంటుంది. నీళ్ళు లేస్తుంటే ఆ పిల్ల ఇదేం ఆలోచిస్తోందీ అనిపిస్తుంది. కానీ నాకు ఆ నీళ్ళకంటే ఆ పాపమే ఎక్కువ భయం వేసింది. వెనకనుంచి అత్త, "ఏటే, ఏటి సేస్తన్నావు!" అని కేక పెట్టింది. అది వద్దనో, తొందరగా చెయ్యమనో ఇప్పటికీ నాకు తెలీదు.

మావయ్య గొంతు పెంచలేదు. "అమ్మీ, పిల్లలున్నారు. పాపమంటూ ఉంటే నాది. కాలెట్టు."

కాలు పెట్టేను. పెట్టడమే ఆదరాబాదరాగా తొక్కేశాను. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. లోపల ఇనుము ఇనుముని కొరికిన చప్పుడు, కర్‌ర్‌ర్‌మని, నా వెన్నెముక దాకా వచ్చింది. "తియ్యి! తియ్యి!" అన్నారు. తీసేశాను. ఆయన క్లచ్చి నొక్కేరు. చక్రం ఆగింది. ఒక్క క్షణం ఇంజను చప్పుడు, నీళ్ళ చప్పుడు, అంతే. "ఇప్పుడు తొక్కు. మెల్లగ." తొక్కేను. పెడలు సగం దిగి ఆగిపోయింది. ఎంత నొక్కినా దిగదు. "దిగటం లేదు మావయ్యా!" అని ఏడ్చేశాను. "పంటికి పన్ను అడ్డొచ్చిందమ్మీ. నువ్వు నొక్కే ఉండు, తియ్యకు." ఆయన క్లచ్చిని వెంట్రుకవాసి వదిలేరు. చక్రం అంగుళం మెదిలింది. నా అరికాలి కింద 'టక్' మంది. పెడలు పూర్తిగా దిగిపోయింది. నూనెలో నేను తడిమిన మొద్దు పళ్ళు ఒకదానిలోకి ఒకటి జొరబడినట్టు అరికాలితోనే చూశాను.

"పడింది" అన్నాను.

"తెలిసింది" అన్నారాయన.

చిన్న గేరులో, ఇంజను గురకపెట్టేటంత నెమ్మదిగా క్లచ్చి వదిలేరు. బండి వణికింది. రాయి మీద కదలకుండా కూర్చున్న ఎడమ చక్రం కదిలింది. ముందు చక్రాలు నీళ్ళలోంచి కొంచెం పైకి లేచి మళ్ళీ కూర్చున్నాయి. కుడి చక్రం గొయ్యి అంచుని పట్టుకుని పైకొచ్చింది. ట్రాలీలో ఆడవాళ్ళందరూ ఒక్కసారి "హో" అన్నారు. ఒడ్డు దగ్గర దారి ఎడమకి తిరుగుతుంది. ఎదురుగా మొగలిపొద. ఆయన స్టీరింగు తిప్పలేదు. తిన్నగా పొదలోకే పోనిచ్చేరు. ముళ్ళు నా చేతులూ మొహమూ గీరుకుపోతున్నా నేను కాలు తియ్యలేదు. వెనక చక్రాలు రెండూ గట్టినేల ఎక్కినట్టు కుదుపు తగలగానే, "ఒగ్గీ!" అన్నారు. కాలెత్తేను. పెడలు పైకి రాలేదు. ఆయన క్లచ్చి నొక్కి బరువు తగ్గించేసరికి, స్ప్రింగు లాగి టప్‌మని లేచింది. అప్పుడు గానీ స్టీరింగు తిప్పలేదు. ట్రాలీ చివరి చక్రం నీళ్ళు దాటింది. అందరం దిగి వెనక్కి చూసేసరికి మేం ఆగిపోయిన చోట ఒక పెద్ద చెట్టుమోడు దొర్లుకుంటూ పోతోంది.

నేను మడ్‌గార్డు దిగి ఆయన కాళ్ళమీద పడిపోయాను. లెంపలు వేసుకున్నాను. ఆయన పెడలు మీద చెయ్యి వేసి తడిమేరు. తర్వాత, "లెగమ్మీ. పెడలు రబ్బరు అరిగిపోనాది. నీ కాలు జారితే ఏటయ్యేది? రేపు కొత్తది ఎయ్యాల" అన్నారు. అదే ఆయన నాకు చేసిన మెచ్చుకోలు.

మర్నాడు పొద్దున అత్త గోనెసంచీ కత్తిరించి, బూరుగుదూది కూరి, దబ్బనంతో కుడుతూ కనబడింది. ఏమిటని అడిగితే, "రేకు మీద కూకుంటే నడుం పోద్ది. పిల్లలు పుట్టాల్సిన నడుం" అంది, తల ఎత్తకుండా.

అప్పట్నుంచి రెండేళ్ళు నా చోటు ఆ మడ్‌గార్డు మీదే. వానల్లో గెడ్డ దాటాలన్నా, దమ్ము చెయ్యాలన్నా, ఆయన క్లచ్చి తొక్కడం, నేను లాకు తొక్కడం. మాటలు కూడా అక్కర్లేకపోయేవి. ఆయన భుజం కొంచెం వంగితే నాకు తెలిసిపోయేది. తర్వాత పొలంలో సీటు మీద కూర్చోబెట్టి నడపడం నేర్పేరు. అన్నీ మంచే రాయాలని కూర్చోలేదు, ఇది కూడా చెప్పాలి. ఊరి పొలిమేర కనబడగానే ఆయన బండి ఆపి, "ఇంక ట్రాలీలోకి ఎల్లమ్మీ" అనేవారు. పొలంలో పనికొచ్చిన కోడలు బజార్లో పనికిరాదు. జనం మాటలకి ఆయనా భయపడేవారు. నేను కిక్కురుమనకుండా దిగి, ముసుగు సర్దుకుని, గడ్డిమోపుల మధ్య కూర్చునేదాన్ని. అప్పుడప్పుడు కళ్ళమ్మట నీళ్ళొచ్చేవి. మా ఆయనకి చెబితే, "మా అయ్య నాకే స్టీరింగు ఇవ్వలేదే, నీకు ఇచ్చేడు. ఇంకేటి కావాలే?" అని నవ్వేవారు. ఆ నవ్వు నాకు అప్పట్లో నచ్చేది కాదు.

రాయగడలో మా ఆయనకి క్వార్టరు వచ్చింది. సామాను ట్రాలీలో వేసుకుని, సాగనంపడానికి అత్త కూడా రాగా, గుణుపూర్‌లో బస్సెక్కడానికి బయల్దేరాం. మంచి ఎండాకాలం, దారంతా దుమ్ము. ఊరి చివర నేను ట్రాలీ ఎక్కబోతుంటే మావయ్య సీటు దిగి, తిన్నగా ఉన్న కాలిని చేత్తో ఎత్తుకుని, మడ్‌గార్డు మీద కూర్చున్నారు. "నడుపు" అన్నారు. గుణుపూర్ దాకా నడిపేను. తోవలో టీ దుకాణాల వాళ్ళు, సంతకి వచ్చినవాళ్ళు, నేరోగేజి చిన్న రైలు దిగిన జనం, అందరూ నిలబడి చూశారు. ఆయన ఒక్కసారి కూడా ఆపమనలేదు, తల దించుకోలేదు. ఎవరో తెలిసినాయన, "ఎవరయ్యా డ్రైవరు?" అని అరిస్తే, "మా కోడలు" అని అంతకంటే గట్టిగా అరిచేరు.

ఈ రోజుల్లో ఆ దారిన ఆడపిల్లలు బళ్ళు నడుపుకుంటూ ఉద్యోగాలకి పోతున్నారు, ఎవరూ తలతిప్పి చూడరు. అదే సవ్యం. వాళ్ళు ఎవరికీ కృతజ్ఞత చెప్పక్కర్లేదు. నేను చెప్పాలి. ఎందుకంటే నా కాలంలో ఒక్కరు జరిగి కూర్చుంటేనే మాకు చోటు. ఆ జరిగినవాడికి దానివల్ల పరువు పోయే కాలం అది. తెలిసి తెలిసీ ఆయన జరిగేరు. ఆలస్యంగా జరిగేరు, అయినా జరిగేరు. మా ఇళ్ళలో అలాంటి మాటలు పైకి చెప్పుకునే అలవాటు లేదు. ఆయన పోయేవరకూ నేను చెప్పలేదు.

బస్సు ఎక్కేముందు మాత్రం అడిగేను. "వానలొస్తే గెడ్డ దగ్గర ఎలగ మావయ్యా? లాకు ఎవరు తొక్కుతారు?"

"మీ అత్త నేర్సుకుంటన్నాది" అన్నారు.

హాస్యమనుకున్నాను. బస్సు కదిలేక కిటికీలోంచి చూస్తే, అత్త చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, ఒక చేత్తో మావయ్య భుజం పట్టుకుని మడ్‌గార్డు మీదకి ఎక్కుతోంది. ఎక్కి కూర్చుని, కాలు కిందికి దింపి, పెడలు ఎక్కడుందో తడుముకుంటోంది. "అటు గాదే, ఎనక్కి, ఎనక్కి!" అని మావయ్య అనడం బస్సు చప్పుడులో కూడా నాకు వినబడింది.